ఫర్మ్ రద్దయింది, లెక్కలు తేలలేదు: ఇప్పుడు ఎవరి బాధ్యత ఎంత?

మూడోవంతు
అందరికీ నమస్కారం. విషయం కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముగ్గురం కలిసి మోటార్ల విడిభాగాల టోకు వ్యాపారం చేశాం. రిజిస్టరైన ఫర్మే. లాభనష్టాలు ముగ్గురికీ సమానం అని డీడ్‌లో (భాగస్వామ్య ఒప్పంద పత్రంలో) ఉంది. పెట్టుబడి మాత్రం సమానం కాదు. పెద్దాయన 10 లక్షలు, నేను 6, మూడో అతను 2 పెట్టాం. ఇది కాక పెద్దాయన మధ్యలో ఇంకో 4 లక్షలు ఫర్మ్‌కి చేబదులుగా ఇచ్చాడు. ఆ మొత్తం లెడ్జర్‌లో అప్పు కిందే ఉంది.

మాట పొసగక, ముగ్గురం ఒప్పుకునే రద్దు చేసుకున్నాం. స్టాంపు పేపరు మీద ఒక పేజీ రాసుకున్నాం. చివరి లైను: "లెక్కలు తర్వాత పరస్పర అంగీకారంతో చూసుకోగలవారము." సంతకాలయ్యాయి, ఎవరి దారి వారిది అనుకున్నాం.

పెద్దాయన అదే గోడౌన్‌లో, అదే బోర్డు కింద, అదే బిల్లు పుస్తకంతో సరుకు తెప్పిస్తూనే ఉన్నాడు. మూడో అతను "అప్పులు పోగా మిగిలింది మూడు సమాన భాగాలు చెయ్యండి, సమాన వాటా అని డీడ్‌లోనే ఉందిగా" అని పట్టుబట్టాడు. నాకు తెలియాల్సింది రెండే. రద్దు పత్రం మీద సంతకం పెట్టాక కూడా పెద్దాయన తెచ్చే సరుకు బాకీ నా మెడకు చుట్టుకుంటుందా? మిగిలింది పంచుకోవడానికి పద్ధతి ఏది?

పాతవకీలు
మొదటి ప్రశ్నకు జవాబు: చుట్టుకుంటుంది. ఇవాళే కదలండి.

రద్దు ఒక్క సంతకంతో అవుతుంది. ముగింపు అలా కాదు. సరుకు అమ్మాలి, రావాల్సినవి వసూలు చెయ్యాలి, అప్పులు తీర్చాలి, మిగిలింది పంచాలి. ఇదంతా పూర్తయ్యేదాకా మీరు ముగ్గురూ ఒకరికొకరు లెక్క చెప్పుకోవాల్సిన వాళ్లే.

భారత భాగస్వామ్య చట్టం, 1932, సెక్షన్ 45 చూడండి. రద్దయినట్టు బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా, ఏ భాగస్వామి చేసిన పని అయినా, రద్దుకు ముందు చేస్తే ఫర్మ్‌ని కట్టిపడేసేదైతే, బయటివాళ్ల దృష్టిలో అందరినీ కట్టిపడేస్తుంది. మీ ఒక పేజీ పత్రం మీ ముగ్గురి మధ్య చెల్లుతుంది. సరుకిచ్చినవాడికి దాంతో పని లేదు, అతను దాన్ని చూడనే లేదు.

ప్రకటన ఎలా ఇవ్వాలో సెక్షన్ 72లో ఉంది. మీది రిజిస్టరైన ఫర్మ్ కాబట్టి మూడూ కావాలి: సెక్షన్ 63 కింద ఫర్మ్‌ల రిజిస్ట్రార్‌కి నోటీసు, గెజిట్‌లో ప్రచురణ, వ్యాపారం ఉన్న జిల్లాలో నడిచే ప్రాంతీయ భాషా దినపత్రిక కనీసం ఒకదాంట్లో ప్రచురణ. పేపర్లో వేసి రిజిస్ట్రార్‌ని వదిలేసేవాళ్లు చాలామంది. అది సగం పనే. ఇంకో సంగతి, ఈ నోటీసు ఏ ఒక్క భాగస్వామి అయినా ఇవ్వొచ్చు. పెద్దాయన సంతకం కోసం ఆగక్కర్లేదు.

సెక్షన్ 47 కూడా మీకు పనికొస్తుంది. రద్దయ్యాక భాగస్వాములకు అధికారం మిగిలేది వ్యాపారం ముగించడానికి, మొదలుపెట్టి సగంలో ఉన్న లావాదేవీలు పూర్తి చెయ్యడానికి మాత్రమే. పాత ఆర్డరు సరుకు దించుకోవడం దీని కిందికి వస్తుంది, కొత్త ఆర్డరు రాదు. కాబట్టి మీ ముగ్గురి మధ్య లెక్క తేల్చేటప్పుడు ఆ కొత్త బాకీలు ఆయన ఖాతాలోనే వెయ్యమని అడగొచ్చు. బయటివాడికి మాత్రం ఈ వాదన వినిపించలేరు.

సరుకుదారు
నేను అవతలి పక్షం నుంచి చెప్తాను, నేను అప్పు మీద సరుకు ఇచ్చేవాణ్ణి.

నాతో ఏళ్ల తరబడి వ్యాపారం చేసిన ఒక ఫర్మ్ లోలోపల విడిపోయింది. నాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. అదే పేరు మీద ఆర్డరు వచ్చింది, అదే జీఎస్టీ నంబరు, పంపాను. డబ్బు అడిగితే ఒకాయన "నేను ఎప్పుడో బయటికొచ్చేశాను" అన్నాడు. ఎప్పుడో అంటే ఎప్పుడండీ? నాకు ఎవరు చెప్పారు? నేను సరుకిచ్చింది ముగ్గురు మనుషుల ముఖం చూసి. ఒకరి ముఖమే చూస్తే అంత అప్పు ఇచ్చేవాణ్ణే కాదు.

మూడోవంతు గారూ, గెజిట్, పేపరు ఎటూ వేస్తారు. దాంతోపాటు లెడ్జర్ తీసి, మీకు అప్పు మీద సరుకిచ్చే ప్రతి ఒక్కరికీ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఫలానా తేదీ నుంచి ఫర్మ్ రద్దయింది, ఆ తర్వాత ఫర్మ్ పేరుతో ఇచ్చే సరుకుకు నా బాధ్యత లేదు, అప్పటిదాకా ఉన్న బాకీ ఇంత అని మా లెక్క చెబుతోంది, సరిచూసి చెప్పండి అని. చివరి వాక్యం మరచిపోవద్దు. బాకీ అంకె మీద ఇద్దరి సంతకాలు పడితే రేపు గొడవ ఉండదు. మాకూ అదే కావాలి.

మూడోవంతు
వకీలు గారూ, సరుకుదారు గారూ, చాలా థాంక్స్. రిజిస్ట్రార్ నోటీసు రేపే వేస్తాను.

ఇంకొకటి చెప్పడం మరిచాను. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకునే అప్పు) ఉంది, దానికి ముగ్గురం వ్యక్తిగత హామీ ఇచ్చాం. లెక్క మొత్తం ఇదీ: సరుకు, రావాల్సిన బాకీలు, ఫర్నిచరు అన్నీ డబ్బు చేస్తే 30 లక్షలు వస్తుంది. ఓవర్‌డ్రాఫ్ట్‌తో కలిపి బయటి అప్పులు 14 లక్షలు.

పాతవకీలు
బ్యాంకుకి వెంటనే రెండు ఉత్తరాలు. ఒకటి, ఖాతాలో ఇకపై ముగ్గురి సంతకాలు ఉంటేనే డబ్బు తీయనివ్వండి అని. రెండోది, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 130 కింద, ఇకపై జరిగే లావాదేవీలకు నా హామీ ఉపసంహరించుకుంటున్నాను అని. ఇప్పటిదాకా వాడుకున్న మొత్తానికి హామీ అలాగే ఉంటుంది, అది తీరితేనే పోతుంది. హామీ పత్రంలో దీని గురించి వేరే షరతులు రాయించుకుని ఉంటారు, కాపీ అడిగి చదవండి.

లెడ్జర్ అక్క
పంపకం సంగతి నేను చెప్తాను, ఆడిట్‌లో ఉన్నాను. రద్దయిన ఫర్మ్‌లు గొడవపడేది ఎక్కువగా ఇక్కడే.

మీ డీడ్‌లో వేరే పద్ధతి రాసుకోకపోతే భాగస్వామ్య చట్టం సెక్షన్ 48 వరసే వరస. ముందు బయటివాళ్ల అప్పులు. తర్వాత భాగస్వామి పెట్టుబడి కాకుండా అప్పుగా ఇచ్చిన డబ్బు. ఆ తర్వాత పెట్టుబడులు. అప్పటికీ మిగిలితేనే లాభ నిష్పత్తిలో పంపకం. మీ మూడో భాగస్వామి చివరి మెట్టుని మొదటి మెట్టు అనుకుంటున్నాడు.

మీ అంకెలతోనే చేద్దాం. బయటి అప్పులు 14, పెద్దాయన అప్పు 4, పెట్టుబడులు 10, 6, 2 కలిపి 18. మొత్తం 36 లక్షలు తీర్చాలి, చేతికొచ్చేది 30. అంటే నష్టం 6 లక్షలు. నష్టాన్ని లాభ నిష్పత్తిలో మొయ్యాలి కాబట్టి తలా 2. పెద్దాయన పెట్టుబడి 8కి దిగింది, మీది 4కి, మూడో అతనిది సున్నాకి. ఇప్పుడు కట్టండి: 14 + 4 + 8 + 4 + 0 = 30. సరిపోయింది.

అతను అడిగినట్టు పంచితే? పెద్దాయన అప్పు కూడా తీర్చాక మిగిలిన 12 లక్షలు తలా 4 అవుతుంది. 2 లక్షలు పెట్టినతను 4 తీసుకుంటాడు, 10 పెట్టినాయన 4 తీసుకుంటాడు. నష్టం వచ్చిన ఫర్మ్‌లో ఒకరికి లాభం వచ్చినట్టు. సమానంగా మొయ్యాల్సింది నష్టాన్ని. పెట్టుబడి ఎవరిది వాళ్లదే.

చేతికష్టం
అక్కా, లెక్క సరే. ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు.

నేనూ ఇలాంటి మూడో మనిషినే. డబ్బు తక్కువ పెట్టాను, పని అంతా నేనే చేశాను. ఎండలో తిరిగి ఖాతాదారులను తెచ్చింది, బాకీ రాబట్టింది, అర్ధరాత్రి లోడు దించింది నేను. ఫర్మ్‌కి పేరొచ్చింది ఆ తిరుగుడుతోనే. చివరికి కాగితం మీద సున్నా చూపిస్తే ఎలా ఉంటుంది? డబ్బు పెట్టినవాడిది పెట్టుబడి, ఒళ్లు పెట్టినవాడిది ఏమీ కాదా?

లెడ్జర్ అక్క
కోపం దేనికి తమ్ముడూ, న్యాయమైన ప్రశ్న.

పనికి జీతం అన్న దారిలో వెళ్తే చట్టం కఠినంగా ఉంటుంది. సెక్షన్ 13 ప్రకారం, ఒప్పందంలో రాసుకోకపోతే వ్యాపారంలో పనిచేసినందుకు భాగస్వామికి జీతం హక్కు లేదు. అదే సెక్షన్‌లో, పెట్టుబడికి మించి అప్పుగా ఇచ్చినవాడికి ఏడాదికి 6 శాతం వడ్డీ హక్కు ఉంది. పెద్దాయన 4 లక్షలకు ఆ వడ్డీ కలిపితే లెక్క ఇంకొంచెం మారుతుంది, సులువు కోసం వదిలేశాను.

కానీ నీ తిరుగుడు విలువ వేరే చోట ఉంది, గుడ్‌విల్‌లో, అంటే వ్యాపారానికి ఉన్న మంచిపేరు విలువలో. మూడోవంతు గారు ఇచ్చిన 30 లక్షల జాబితా మళ్లీ చూడండి. సరుకు ఉంది, బాకీలు ఉన్నాయి, ఫర్నిచరు ఉంది. ఆ ఫర్మ్ పేరు, ఖాతాదారులు లేరు. సెక్షన్ 55 ప్రకారం ఫర్మ్ లెక్కలు తేల్చేటప్పుడు గుడ్‌విల్‌ని కూడా ఆస్తుల్లో కలపాలి, వేరే ఒప్పందం లేకపోతే. పెద్దాయన అదే బోర్డుతో వ్యాపారం సాగిస్తున్నాడంటే ఆ ఆస్తిని ఆయన ఊరికే వాడుకుంటున్నట్టే.

మచ్చుకి గుడ్‌విల్ 6 లక్షలని తేలి, దాన్ని పెద్దాయనే తీసుకున్నాడనుకోండి. ఆస్తి 36 అయింది, నష్టం లేదు. పెద్దాయనకు రావాల్సిన 14లో (అప్పు 4, పెట్టుబడి 10) గుడ్‌విల్ 6 పోగా 8 నగదు. మూడోవంతు గారికి 6. మూడో అతనికి అతని 2. బయటి అప్పులు 14తో కలిపి నగదు సరిగ్గా 30. సున్నా దగ్గర ఉన్న మనిషికి పెట్టుబడి మొత్తం తిరిగొచ్చింది. పెద్దాయనకు నగదు 4 లక్షలు తగ్గింది, నడుస్తున్న వ్యాపారం దక్కింది.

చేతికష్టం
ఇది ముందే తెలిసుంటే మా దగ్గర ఇంత గొడవ అయ్యేది కాదు. థాంక్స్ అక్కా.

మూడోవంతు
గుడ్‌విల్ మాట ఎత్తితే పెద్దాయన "అదేం కనపడే వస్తువా, దానికి విలువేంటి" అంటున్నాడు.

పాతవకీలు
అయితే బోర్డు దించమనండి. విలువ లేని దానికోసం ఎవరూ పట్టుబట్టరు.

సెక్షన్ 53 ప్రకారం, లెక్కలు పూర్తిగా తేలేదాకా ఫర్మ్ పేరుతో అలాంటి వ్యాపారమే చెయ్యకుండా, ఫర్మ్ ఆస్తిని సొంత లాభానికి వాడుకోకుండా ఆపమని ఏ భాగస్వామి అయినా అడగొచ్చు. ఆయన గుడ్‌విల్ కొనుక్కుంటే మాత్రం ఆ పేరు వాడుకునే హక్కు ఆయనదే. దుకాణం ఆయనకు వదిలేసి మీరిద్దరూ వేరే వ్యాపారం పెట్టుకోవచ్చు, పోటీగా అయినా సరే. పాత పేరు వాడకూడదు, పాత ఫర్మ్ ఖాతాదారులను మీవైపు రమ్మని అడగకూడదు. కొంతకాలం, కొంత ప్రాంతంలో పోటీ పెట్టను అని రాసిస్తే, షరతు సమంజసంగా ఉన్నంతవరకు సెక్షన్ 54 కింద అదీ చెల్లుతుంది. సంతకం పెట్టేముందు ఈ షరతు రెండుసార్లు చదవండి. రేపు మీ బతుకుతెరువు ఏంటన్నది అక్కడే తేలిపోతుంది.

విలువ దగ్గర మాట కుదరకపోతే డీడ్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవను కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలన్న షరతు) ఉందేమో చూడండి. చాలా డీడ్‌లలో ఉంటుంది, ఎవరూ గమనించరు. కోర్టుకెళ్తే ముందు ప్రిలిమినరీ డిక్రీ (తొలి తీర్పు), ఆ తర్వాత కోర్టు వేసిన కమిషనర్ దగ్గర లెక్కలు, చివరికి ఫైనల్ డిక్రీ (తుది తీర్పు). అప్పటికి గోడౌన్‌లో సరుకు తుప్పు పడుతుంది.

నోట్సుపిల్ల
నేను ఇంకా చదువుకుంటున్నాను. సరుకు అనుకున్న ధర రాక 24 లక్షలే వస్తే? మూడో అతను మైనస్‌లోకి వెళ్తాడు కదా, అతని దగ్గర డబ్బు లేకపోతే ఎవరు కట్టాలి?

లెడ్జర్ అక్క
మంచి ప్రశ్న. 24 వస్తే నష్టం 12, తలా 4. పెద్దాయనది 6, మూడోవంతు గారిది 2, మూడో అతనిది మైనస్ 2. అతను జేబులోంచి 2 లక్షలు తెచ్చి పెట్టాలి.

అతను దివాళా తీసి తేలేకపోతే మన చట్టంలో సూటిగా సమాధానం లేదు. పుస్తకాల్లో నేర్పేది 1904 నాటి ఇంగ్లండు తీర్పు, గార్నర్ వర్సెస్ మర్రే. ఆ లోటును మిగతావాళ్లు లాభ నిష్పత్తిలో కాక పెట్టుబడి నిష్పత్తిలో మోస్తారు. ఇక్కడ 10:6, అంటే పెద్దాయన 1.25 లక్షలు, మూడోవంతు గారు 75 వేలు. డీడ్‌లో సమానంగా మోస్తామని రాసుకుంటే అదే నడుస్తుంది.

నాన్నవాటా
మాది కొంచెం వేరు. నాన్నగారు, ఆయన స్నేహితుడు ఇద్దరే భాగస్వాములు. నాన్నగారు పోయారు. బాబాయి (ఆయన్ని అలాగే పిలుస్తాం) "డీడ్‌లో ఒకరు పోయినా ఫర్మ్ కొనసాగుతుంది అని ఉంది, నువ్వేం కంగారు పడకు" అంటున్నారు. మనిషి మంచివారే. అడగడానికి మొహమాటంగా ఉంది. ఫర్మ్ రిజిస్టర్ కూడా కాలేదు.

పాతవకీలు
నాన్నగారి విషయం బాధాకరం. మొహమాటం పక్కన పెట్టి కాగితాలు చూడండమ్మా.

ఇద్దరే ఉన్న ఫర్మ్‌లో ఒకరు పోతే, కొనసాగుతుందన్న క్లాజు పనిచెయ్యదు. ఒక్క మనిషితో భాగస్వామ్యం ఉండదు. 1965లో సేఠ్ గోవిందరామ్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కాబట్టి నాన్నగారు పోయిన రోజే ఫర్మ్ రద్దయింది. ఆ తర్వాత బాబాయి చేసే అప్పులకు నాన్నగారి ఆస్తి మీద బాధ్యత లేదు, సెక్షన్ 45లోనే ఆ మినహాయింపు ఉంది.

లెక్క తేల్చకుండా ఫర్మ్ ఆస్తితోనే ఆయన వ్యాపారం సాగిస్తుంటే, సెక్షన్ 37 కింద మీకు రెండు దారులు: నాన్నగారి వాటా వాడుకున్నందుకు వచ్చిన లాభం, లేదా ఆ వాటా మీద ఏడాదికి 6 శాతం వడ్డీ. ఏది కావాలో ఎంచుకునేది మీరు. రిజిస్టర్ కాలేదని భయం వద్దు. రిజిస్టర్ కాని ఫర్మ్ విషయంలో దావాలకు సెక్షన్ 69 పెట్టే అడ్డు, రద్దయిన ఫర్మ్ లెక్కల దావాకు వర్తించదు.

గడువు మాత్రం మరవకండి. రద్దయిన ఫర్మ్ లెక్కలకు, లాభం వాటాకు దావా వెయ్యాలంటే లిమిటేషన్ చట్టం, 1963, ఆర్టికల్ 5 ప్రకారం రద్దయిన నాటి నుంచి మూడేళ్లు. "చూద్దాంలే అమ్మా" అన్న మంచి మాటల మధ్యే ఆ మూడేళ్లు గడిచిపోతాయి. మూడోవంతు గారికీ ఇదే గడువు.

నాన్నవాటా
చాలా ధన్యవాదాలు సర్. ఫర్మ్ పేరు మీద స్థలం కూడా ఉంది, అందులో మాకు హక్కు ఎలా వస్తుంది?

పాతవకీలు
ఆ స్థలంలో సగం మీది అని నేరుగా అనలేం. అప్పులు తీరాక మిగిలే విలువలో నాన్నగారి వాటా మీది. 1966లో అద్దంకి నారాయణప్ప వర్సెస్ భాస్కర కృష్ణప్ప కేసులో సుప్రీంకోర్టు, ఫర్మ్‌కి స్థలాలున్నా భాగస్వామి వాటా చరాస్తే అంది. మీరిద్దరూ ఒప్పుకుని స్థలం ఒకరికి, నగదు ఒకరికి అనుకోవచ్చు. పన్ను సంగతి మాత్రం అక్కని అడగండి.

లెడ్జర్ అక్క
పన్ను గబగబా చెప్పేస్తాను, ఇద్దరికీ పనికొస్తుంది.

రద్దప్పుడు ఫర్మ్ ఆస్తినో సరుకునో భాగస్వామికి ఇస్తే, ఆ రోజు మార్కెట్ ధరకి ఫర్మ్ అమ్మినట్టు లెక్క. 2021 ఫైనాన్స్ చట్టం తెచ్చిన సెక్షన్ 9బి ఇది, 1961 ఆదాయపు పన్ను చట్టంలోది. కొత్త చట్టం, 2025 అమలు తేదీ 1 ఏప్రిల్ 2026. అందులో సెక్షన్ల నంబర్లు వేరు, మీ ఆడిటర్‌ని అడిగి చూసుకోండి. చేతికి పైసా రాకుండానే పన్ను పడే చోటు ఇది. స్థలం పంచుకునేముందే ఆ పన్ను మొత్తాన్ని అప్పుల జాబితాలో వేసుకోండి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు దరఖాస్తు 30 రోజుల్లో వెయ్యాలి. రిజిస్ట్రేషన్ రద్దయ్యాక మూడు నెలల్లో ఆఖరి రిటర్ను, జీఎస్టీఆర్-10. చేతిలో ఉన్న సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నుకు తీసుకున్న మినహాయింపు) కూడా కట్టాలి, లేదా వ్యాపారం మొత్తం పెద్దాయనే తీసుకుంటే ఐటీసీ-02 ఫారం ద్వారా ఆయన కొత్త రిజిస్ట్రేషన్‌కి మార్చుకోవచ్చు. పాత నంబరు మీద ఆయన బిల్లులు కొట్టడం వెంటనే ఆపించండి. వ్యాపారం మానేసిన రోజు దాకా ఉన్న జీఎస్టీ బాకీకి ముగ్గురూ కలిసీ విడివిడిగా కూడా బాధ్యులే. లెక్కల పుస్తకాలు ఎవరి దగ్గర ఉంటాయో రాసుకోండి, జీఎస్టీకి అవి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉండాలి.

మూడోవంతు
అందరికీ కొత్త కబురు. రిజిస్ట్రార్ నోటీసు, పేపరు ప్రకటన అయ్యాయి, గెజిట్‌కి పంపాం. బ్యాంకు ముగ్గురి సంతకాల షరతు పెట్టింది. సరుకుదారు గారు చెప్పినట్టు ఉత్తరాలు రాస్తే, ఇద్దరు సరఫరాదారుల లెక్కలో మా పుస్తకానికీ వాళ్ల పుస్తకానికీ తేడా కనిపించింది, సరిచేస్తున్నాం. అక్క వేసిన లెక్క కాగితం మీద ముగ్గురికీ చూపించాను. మూడో అతను సమాన పంపకం మాట మానేశాడు. పెద్దాయన గుడ్‌విల్ తీసుకోవడానికి ఒప్పుకున్నాడు, విలువ ఒక ఆడిటర్ కడతాడు.

చివరి సందేహం. ఖాతాదారుల నుంచి ఇంకా కొన్ని బాకీలు రావాలి, అవి చాలాకాలం పట్టేలా ఉన్నాయి. ఫర్మ్ బ్యాంకు ఖాతా ఎప్పుడు మూసెయ్యాలి?

పాతవకీలు
అన్నిటికన్నా ఆఖర్న. ఫర్మ్ పేరు మీద వచ్చే చెక్కు ఇంకెక్కడా జమ కాదు. ఓవర్‌డ్రాఫ్ట్ తీర్చి ఆ లిమిట్ రద్దు చేయించి, మామూలు కరెంటు ఖాతాగా ఉంచండి.

రాని బాకీలను పంచుకోవద్దు. జాబితా రాసి, వసూలు బాధ్యత ఒక్కరికే ఇచ్చి, వచ్చినదాన్ని ఏ నిష్పత్తిలో ఎన్నాళ్లకోసారి పంచాలో రెండో పత్రంలో రాయండి. ఆ పత్రంలో ఇంకో వాక్యం తప్పకుండా ఉండాలి: "రద్దు తేదీకి ముందు కాలానికి సంబంధించి తర్వాత బయటపడే పన్నులు, అప్పులు ముగ్గురమూ సమానంగా భరించగలము, రద్దు తేదీ తర్వాత ఫర్మ్ పేరుతో తెచ్చిన సరుకు బాకీలు మొదటి భాగస్వామి (అంటే పెద్దాయన) ఒక్కరే భరించగలరు." రద్దు తేదీ తర్వాత ఆయన తెప్పించిన సరుకు బిల్లులన్నీ తేదీలతో సహా దానికి జతచెయ్యండి.

సరుకుదారు
ఆ బిల్లుల్లో ఉన్న సరఫరాదారులకు కూడా ఆ వాక్యం కాపీ పంపండి. మేం దానికి ఒప్పుకుని సంతకం పెడితేనే మా దగ్గర మీ పేరు కొట్టేస్తాం.